మన సభామందిరములు

ఒక నగరము యొక్క గొప్పతనమును దాని వీధుల వెడల్పును బట్టియు, మేడల యెత్తును బట్టియు కొలుచుట లోకమున వాడుకయై యున్నది. మేము వేఱొక కొలత గలదని విన్నవింపగోరుచున్నాము. సాయంకాలము పని ముగించుకొని యింటికి మరలు సామాన్య గృహస్థుడు పిలుపు లేకయే, వెఱపు లేకయే లోపలికి పోయి కూర్చుండి, ఒక పాటయో, పద్యమో, ప్రసంగమో విని, తనకు తోచిన మాట తాను చెప్పి లేచి పోవుటకు తగిన తావులు ఆ నగరమున నెన్ని యున్నవి? వానిలో నతని యింటి నుండి నడచి పోగలిగినవి యెన్ని? ఈ లెక్క తీసినచో పెక్కు మహానగరములు పల్లెటూరి రచ్చబండ యెదుట తల వంచుకొనవలసి వచ్చును.

ఈ కొలత పట్టి చూచినపుడు మన హైదరాబాదు నగరమున నొక పేట ప్రత్యేకముగా పేర్కొనదగి యున్నది. కోఠీ, సుల్తానుబజారు, రామకోఠి, జాంబాగు, బొగ్గులకుంట అనునవి యొకదాని నొకటి యొరసికొని యున్న వాడలు. నే డచ్చటికి పోవువారిలో నధికులు పెండ్లి చీరలకును, గాజులకును, మందులకును, పాత పుస్తకములకును పోవుదురు. 2020వ సంవత్సరము ఫిబ్రవరి మాసము మొదలు సుల్తానుబజారు నెత్తిమీదుగా మెట్రో రైలు పరుగెత్తుచున్నది. దాని స్తంభముల నీడలో బండ్లవారి కేకల నడుమ నడచిపోవు పాదచారి ప్రక్కకు తల త్రిప్పి చూడకయే దాటిపోవు భవనములు కొన్ని యున్నవి. ఒకటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. ఒకటి జాంబాగులోని వివేకవర్ధని. మఱియొకటి బొగ్గులకుంట తిలక్ రోడ్డుననున్న సారస్వత పరిషత్తు. ఒకదాని నుండి మఱియొకదానికి నడకయే చాలును, బండి యక్కఱ లేదు. ఈ కొద్దిపాటి నేలమీదనే తెలంగాణపు తెలుగువాడు నోరు విప్పుట నేర్చుకొనెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ కథ సంగ్రహముగానైన చెప్పక తప్పదు. ఏలయన, తమ తాతలు దేనిని కట్టిరో యెఱుగని మనుమలు దానిని కూలద్రోయుటకు సంకోచింపరు.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన రామకోఠిలో రావిచెట్టు రంగారావుగారి యింట నొక గ్రంథాలయము వెలసినది. నాడు నైజాము రాజ్యమున ప్రజలలో సుమారు సగము మంది తెలుగువారే. అయినను రాజధానిలో తెలుగు పుస్తకములు చదువుకొనుటకు ప్రజలకొక గ్రంథాలయము లేదు. న్యాయస్థానములలో తెలుగు లేదు, కచేరీలలో లేదు, ఉన్నత విద్యలో అసలే లేదు. ఆ కొఱతను తీర్చుటకు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారును, మునగాల సంస్థానాధీశులు నాయని వేంకట రంగారావుగారును, రావిచెట్టు రంగారావుగారును పూనుకొనిరి. గ్రంథాలయమునకు శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టిరి. ధనము చాలదు, స్వంత స్థలము లేదు, ప్రభుత్వపు టాదరణ లేదు. ఉన్నదొక యిల్లు. ఆ యింటివారు తమ గడప తెఱచి లోనికి రండనిరి. ఇంతియే మూలధనము. రంగారావుగారు 1910లో స్వర్గస్థులైరి. వారి సతీమణి లక్ష్మీనరసమ్మగారు ఆ సంస్థను మఱువక తమ చేయూత నొసంగిరి. ఇరువది యేండ్లు పరుల పంచల గడపిన భాషానిలయము తుదకు 1921లో సుల్తానుబజారున స్వంత భవనమున ప్రవేశించినది. ఇంతలో దీనిని జూచి 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును పుట్టినవి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల యీ నగరముననే మొలకెత్తి పిమ్మట మదరాసునకు తరలిపోయినది. ఒక గృహస్థుని ముంగిటి దీపము నుండి యెన్ని దీపములు వెలిగినవో చూడుడు!

ఇవన్నియు సుల్తానుబజారు ప్రాంతముననే యేల జరిగినవని యడుగువా రుందురు. దానికి కారణము కలదు. ఆ బజారులు 1933 వరకు నైజాము కొత్వాలు చేతిలో గాక, కోఠీలోని బ్రిటిషు రెసిడెంటు ఏలుబడిలో నుండెడివి. నైజాము ఇలాకాలో సభ జరుపుకొనుటకు ముందుగా ననుమతి పొందవలయుననెడి గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తరువులు ప్రజల నోటికి తాళము వేయుచుండ, ఈ వీధులలో కొంత యూపిరి సలుపుకొనుటకు సందు దొరకెడిది. ఆ సందు స్వాతంత్ర్యము కాదు. ఒక ప్రభువు నుండి తప్పించుకొని మఱియొక ప్రభువు చాటున నిలుచుట మాత్రమే. అయినను మనవారా స్వల్పావకాశమునే పట్టుకొని పెద్దపనులు చేసిరి. నాటి రెసిడెన్సీ భవనము 1949లో మహిళా కళాశాల యైనది, 2022లో మహిళా విశ్వవిద్యాలయ మైనది. తెల్లదొర కొలువు తీరిన ప్రాంగణమున నేడు మన యాడుబిడ్డలు చదువుకొనుచున్నారు. కాలచక్ర మిట్లు తిరుగుట చూచి సంతోషింపని వా డెవ్వడు?

ఇక 1921వ సంవత్సరము నవంబరు మాసమున జరిగినదానిని వినుడు. వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన ధోండో కేశవ కర్వే పండితు లధ్యక్షులు. వక్తలు మరాఠీలోను, ఉర్దూలోను, ఆంగ్లములోను ప్రసంగించిరి. సభ్యులు సావధానముగా వినిరి. అంతట ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడ మొదలిడిరి. సభలో నవ్వులు పుట్టినవి, చప్పట్లు పుట్టినవి, గోల పుట్టినది. వక్త నోట మాట ముగియనీయలేదు. సంఘమును సంస్కరింప జేరిన విద్యావంతులే, ఆ రాజ్యమున సగము మంది ప్రజల తల్లిభాష చెవిన బడగానే హేళనచేసిరి!

ఆ రాత్రి యచ్చటి ఆంధ్రులు కొందఱు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమైరి. ఆంధ్రజనసంఘము నచ్చటనే స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమై నిలిచిరి. ఆ బీజమే పెరిగి 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగా రధ్యక్షులుగా ప్రథమ ఆంధ్రమహాసభ యైనది. దాని వెనుక నడచిన చరిత్ర పాఠకు లెఱిగినదే.

ఈ కథను చెప్పుకొనునపుడు మనవారు మరాఠీ సోదరులను నిందించి యూరకుందురు. మే మా నిందలో పాలుగొనజాలము. వివేకవర్ధని సంస్థను కేశవరావు కోరట్కరు వంటి మహారాష్ట్ర నాయకులు తమ యెముకలు కరిగించి పోషించిరి. ఆ నాటకశాల వారు కట్టుకొన్నది. వారి సంఖ్య మనకంటె తక్కువ, అయినను వారికొక వేదిక కలదు. మన సంఖ్య మిక్కుటము, అయినను మనము వారి వేదిక నెక్కి మాటలాడవలసిన వారమైతిమి. నాటి యవమానమున మనము నేర్వవలసిన పాఠ మిది: స్వంత వేదిక లేని భాషకు సంఖ్యాబలము గౌరవము తెచ్చిపెట్టదు. మన పెద్దలు దీనిని గ్రహించిరి గనుకనే తిట్టుటకు కాలము వెచ్చింపక కట్టుటకు పూనుకొనిరి. 1943వ సంవత్సరము మే 26వ తేదీన రెడ్డి హాస్టలులో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆ నిర్మాణకార్యమునకు ఫలము. నేడు తెలంగాణ సారస్వత పరిషత్తను పేర వ్యవహరింపబడు ఆ సంస్థ యూరూర తెలుగు పరీక్షలు నడిపి, ఉర్దూ మాధ్యమమున చదివి తల్లిభాషలో చేవ్రాలు చేయ నేరని వారికి సయితము సాహిత్యపు రుచి చూపినది. దేవులపల్లి రామానుజరావుగారు చిరకాలము దానిని కనిపెట్టుకొని యుండిరి. నే డచ్చటి సభాభవనము వారి పేరనే యున్నది.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట సభామందిరములు కట్టు బాధ్యతను ప్రభుత్వము కూడ తలకెత్తుకొన్నది. రవీంద్రుని శతజయంతి సందర్భమున సైఫాబాదులో కట్టిన రవీంద్రభారతిని 1961వ సంవత్సరము మే మాసమున నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ప్రారంభించిరి. 1966లో చిక్కడపల్లియందు త్యాగరాయ గానసభ వెలసి సంగీత నాటకములకు మధ్యతరగతి వారి ముంగిట నొక నీడ నిచ్చినది. బాగులింగంపల్లిలో పుచ్చలపల్లి సుందరయ్యగారి పేర విజ్ఞానకేంద్రము వచ్చినది. నగరము పడమటికి పెరుగగా మాదాపురమున శిల్పారామము చెంత శిల్పకళావేదిక లేచినది. ఇవి యన్నియు మనకు గర్వకారణములే. వీనిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. ఒక మహానటుని నాటకమునకో, ఒక విశ్వవిఖ్యాతుని సంగీతసభకో విశాలమైన మందిరము కావలయును. కాని యిరువదిమంది వినవలసిన కొత్త కవితకును, ముప్పదిమంది కూర్చుండి వాదులాడవలసిన చర్చకును, ఇంకను తొట్రుపాటు వదలని బాలిక తొలి నాట్యమునకును వేయిమంది పట్టు రంగస్థల మేల? సముద్రమున నీత నేర్పువారెవ్వరు? ఊరి చెరువున నేర్చినవాడే సముద్రమున కెదురీదును. పేటలలోని చిన్న సభామందిరములు నగరపు కళలకు చెరువు వంటివి. చెరువు పూడిపోయినచో కొన్నాళ్లకు నదియు నెండును.

ఇపుడు మన చెరువు పూడుచున్నదా లేదా? పాఠకులే తీర్పు చెప్పుదురుగాక.

మేమీ నగరమున కొన్నేండ్లుగా సభలకు పోవుచున్న వారము. మాకు కనబడినది చెప్పెదము. వేదికమీద పదునాలుగురు, క్రింద నలువదిమంది. ఆ నలువదిలో సన్మానము పొందువారి బంధువులు ముప్పది. ఆఱు గంటల సభకు ఏడింటికి దీపము వెలిగింతురు. ఆహ్వానము పలుకుటకు నొకరు, ఆహ్వానించినవారిని వేదికపైకి పిలుచుటకు మఱియొకరు, పిలువబడినవారిని పొగడుటకు వేఱొకరు. శాలువలు కప్పుట ముగియునప్పటికి గంట తొమ్మిది. అప్పుడు, కాలాభావముచేత రెండు నిమిషములలో ముగింపవలసినదిగా ప్రార్థించుచు, సభకు మూలమైన గ్రంథముపై మాటలాడవలసిన పండితుని లేపుదురు. ఆయన లేచునప్పటికి బంధువులు లేచిపోవుదురు. ఛాయాచిత్రములు మాత్రము చక్కగా వచ్చును. దీనిని సాహిత్యసభ యందుమా, శాలువల వేలమందుమా? వేదికనెక్కుట గౌరవమని యందఱును తలపోయుచుండగా క్రింద కూర్చుండి వినుట గౌరవమని తలచువాడు లేకపోయెను. వినువాడు లేని వేదిక మఱునా డద్దెకొంపయే గదా!

అద్దె మాట వచ్చినది గనుక మఱియొక విషయము. కొంతకాలము క్రిందట నొక సభామందిరమున మే ముండగా కళాశాల విద్యార్థు లిద్దఱు వచ్చిరి. తమ స్నేహితులు పదుగురును కలసి కథలు వ్రాసితిమనియు, ఒక సాయంకాలము వానిని చదివి పెద్దల యభిప్రాయము వినగోరుచున్నామనియు చెప్పిరి. నిర్వాహకులు కఠినులు కారు. పాపము, వారు విద్యుత్తు చీటీ తీసి చూపిరి, కాపలావాని జీతము చెప్పిరి, పైకప్పు కాఱుచున్న చోటు చూపిరి. అద్దె యెంతయో చెప్పిరి. బాలురు మొగమొగములు చూచుకొని నమస్కరించి పోయిరి. ఆ సాయంకాల మా మందిరము తాళము వేసియే యుండినది. అద్దె రాలేదు, కథలును రాలేదు. తప్పు నిర్వాహకులదా? కాదు. బాలురదా? అంతకంటె కాదు. అద్దె లేనిచో దీపము వెలుగని స్థితికి ఆ మందిరమును వదలివేసిన మనది. అనగా ఆ వీధిలో నివసించుచు, ఆ భవనమును రోజును చూచుచు, దానికి సంవత్సరమున కొక్క రూపాయి చందా యియ్యక, లోపలి కొక్కనాడు పోక, అది పాడుపడుచున్న దని మాత్రము నిట్టూర్చు గృహస్థులది.

ఇచట మాకు రెండాక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది: అఱచేతిలోని ఫోనులో లోకపు సంగీతమంతయు వినవచ్చుచుండగా, ఇంటనే కూర్చుండి యే ప్రసంగమునైన చూడవచ్చుచుండగా, సభామందిరములతో పని యేమి? ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. వినుట యొక్కటియే ప్రయోజనమైనచో ఫోను చాలును. కాని 1921లో వేంకటరామారావుగారు లేచినది వినుటకు కాదు, పలుకుటకు. నలుగురి కన్నులలో చూచి తన మాట చెప్పుట, వారి ముఖములు చిట్లించుకొనుట చూచియు తడబడకుండుట, ఎదుటివాని మాట తనకు నచ్చకున్నను కడవఱకు కూర్చుండి వినుట, ఇవి యభ్యాసముచేత వచ్చు విద్యలు. ఫోనులో నచ్చని మాటను వ్రేలితో త్రోసివేయవచ్చును. ప్రక్క కుర్చీలోని పొరుగువానిని త్రోసివేయుట సాధ్యము కాదు. వానితో సహించి, వాదించి, తుదకు కలిసి టీ త్రాగి యింటికి పోవలయును. ప్రజాప్రభుత్వమునకు కావలసిన శిక్షణ యిదియే. ఆంధ్రజనసంఘము చేతిలోని యంత్రమున పుట్టలేదు. ఒక యింట, ఒక రాత్రి, అవమానముతో కనలుచున్న కొందఱు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండగా పుట్టినది.

రెండవ యాక్షేపణ: నగరము పడమటికి తరలిపోయినది. ధనము మాదాపురమున నున్నది, యువకులు గచ్చిబౌలిలో నున్నారు. కోఠీ యిఱుకు సందులలో బండి నిలుపుటకు చోటు లేదు. అచ్చటి పాత భవనములను పట్టుకొని వ్రేలాడుట యేల? దీనికి సుల్తానుబజారు మీది స్తంభములే సమాధానము. నాడా వీధి వర్తకులలో కొందఱు తమ దుకాణముల భాగములను కోల్పోయి యా మార్గమున కెడమిచ్చిరి. వారి నష్ట మూరక పోరాదు. బండి నిలుపుటకు చోటు లేదనువారు బండి నింట నుంచి మెట్రో యెక్కి సుల్తానుబజారున దిగవచ్చును. ఏండ్ల తరబడి దూరమైన పేట మఱల దగ్గఱయైనది. చీరలు కొనుటకు దగ్గఱయైనది కవిత వినుటకు దూర మెట్లగును?

పడమటి పేటలయందు యువకులకు కళలపై కోరిక లేదనుట కూడ నబద్ధము. బంజారాహిల్సులో లామకాన్ అను పేర నొక తావు కలదు. కీర్తిశేషులైన యొక ఛాయాచిత్రకారుని యింటిని ఆయన బంధువులు 2010లో జనుల కొఱకు తెఱచిరి. లామకాన్ అనగా నిల్లు లేని తావని యర్థము. అచ్చట బండరాళ్ల నడుమ కూర్చుండి యువకులు నాటకము చూతురు, కవిత్వము విందురు, వాదులాడుకొందురు, సమోసా తిని టీ త్రాగి పోవుదురు. లోనికి వచ్చువానిని నీ వెవ్వడవని యడుగరు. మే మీ ముచ్చట విన్నపుడు మాకు వెంటనే 1901 నాటి రామకోఠి స్మరణకు వచ్చినది. నూటతొమ్మిది సంవత్సరముల యెడమున నొకటే కార్యము రెండుమాఱులు జరిగినది! నడుమ మఱియొక యిల్లు కూడ కలదు. నాంపల్లిలో సరోజినీదేవి కుటుంబము నివసించిన యింటికి, 1905లో వెలువడిన యామె తొలి కవితాసంపుటి పేరే నిలిచినది: గోల్డెన్ త్రెషోల్డు, అనగా బంగారు గడప. ఆ కుటుంబము వారు దానిని దేశమున కొసంగిరి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయ మా గడపలోనే ప్రారంభమైనది. తరువాతి కాలమున నాటకవిద్య కదియొక నెలవైనది.

మూడు పేటలు, మూడు కాలములు, మూడు భాషల సంస్కారములు. అయినను మూలము సమానము: ఒక గృహస్థుడు తన గడప తెఱచుట. ప్రభుత్వము భవనము కట్టగలదు, శిలాఫలకము నాటగలదు. పొరుగువానిని లోనికి రమ్మని చేయిపట్టి పిలువజాలదు. ఆ పిలుపు పౌరుని నోటినుండి రావలయును. ఏ పేటలో నా పిలుపు వినబడునో ఆ పేటలో కళ నిలుచును. ఏ పేటలో వినబడదో, అచ్చట పాలరాతి మందిరము కట్టినను గబ్బిలములకే ప్రవేశము.

అయినచో చేయవలసిన దేమి? మాకు తోచినది విన్నవింతుము. మొదటిది, చందా. ఈ వాడలలో కాపురమున్న ప్రతి కుటుంబమును, వ్యాపారము చేయు ప్రతి దుకాణదారుడును తనకు సమీపముననున్న యొక గ్రంథాలయమునకో సభకో సభ్యత్వము తీసికొనవలయును. పెద్దమొత్తము లక్కఱలేదు. ఒక ధనవంతుని లక్ష కంటె వేయిమంది నూరేసి రూపాయలు మేలు. ఏలయన, లక్ష యిచ్చినవాడు తన పటము గోడకు వ్రేలాడదీయుమనును, నూఱు రూపాయ లిచ్చినవాడు తానే వచ్చి కూర్చుండును.

రెండవది, నిర్వాహకుల పని. వారమున కొక సాయంకాలమైన అద్దె లేకుండ విద్యార్థులకును, క్రొత్తగా కలము పట్టినవారికిని విడువవలయును. తాళము వేసియుంచిన గదికి అద్దె యెట్లును రాదు గదా! ఆ సాయంకాలము వేదికపై నలుగురికంటె నధికులు కూర్చుండరాదనియు, శాలువ లోనికి రారాదనియు నియమ మేర్పఱుపవలయును.

మూడవది, గ్రంథాలయపు పన్ను. 1960 నాటి గ్రంథాలయశాసనము ననుసరించి మనము ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయములకై రూపాయి కెనిమిది పైసలు చెల్లించుచున్నాము. నగరపాలక సంస్థలు వసూలు చేసిన యా పన్నును గ్రంథాలయ సంస్థలకు సకాలమున అప్పగింపకుండుట పలుమాఱులు పత్రికల కెక్కిన సంగతియే. ఇది యొకరు దానమడుగుట కాదు, మనము కట్టిన సొమ్ము మన పేటకు చేరినదా యని లెక్క యడుగుట. ప్రతి పౌరుడును తన వార్డు సభ్యుని ఈ ప్రశ్న యడుగవలయును. భాషానిలయము వంటి ప్రజాసంస్థలు శాసనపు నీడకు వెలుపల నున్నచో వానికి న్యాయమైన సహాయము చేయుట ప్రభుత్వపు ధర్మము. అవి ప్రభుత్వము చేయవలసిన పనిని ప్రభుత్వమునకు ముందే చేసినవి.

నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. నాడు మన భాషకు జరిగినది నేడు మన వేదికలపై నితరులకు జరుగరాదు. సుల్తానుబజారు కోఠీలలో తెలుగువాడొక్కడే లేడు. మరాఠీ కుటుంబములు తరతరములుగా నున్నవి, కన్నడమువారున్నారు, ఉర్దూ కవి యున్నాడు, హిందీ వర్తకు డున్నాడు. మన మందిరమున వారి ముషాయిరాకును, వారి కీర్తనకును చోటుండవలయును. అంతకంటెను గూఢమైన హేళన మఱియొకటి కలదు. తెలుగు సభలలోనే పల్లె యాస పలికిన బాలుని చూచి ముసిముసి నవ్వులు నవ్వుదుము. పుస్తకభాష రాని స్త్రీ తన కష్టము చెప్పబోగా గడియారము చూతుము. తండావాసి తన లంబాడీ పాట యెత్తుకొనగా జానపదమని తలయూచి మఱచిపోదుము. 1921లో మనల నవ్వినవారికిని, ఇప్పుడు నవ్వు మనకును భేదమేమి? ఆంధ్రజనసంఘమునకు తల్లి యైన యా యవమానమును స్మరించుటకు మన కధికారము కావలయునన్న, మన వేదికపై నెవ్వరి మాటయు నవ్వులపాలు కాకుండ చూచుకొనవలయును.

అద్దెకు, దీపములకు, పైకప్పునకు దారులు వెదకవచ్చును. వినుటకు వచ్చువాడు లేనిచో వెదకుటకు దారి లేదు. కావున పాఠకులకు మా విన్నపము కడు చిన్నది. ఈ వారము ఒక సాయంకాలము మీ వీధికి దగ్గఱనున్న సభామందిరమునకో గ్రంథాలయమునకో పొండు. ఆహ్వానపత్రిక కొఱకు వేచియుండకుడు. వెనుక వరుసన కూర్చుండుడు. మీ యింటి బాలుని వెంట తీసికొని పొండు. ఎవ్వరైనను కొత్తవాడు వణకుచు లేచి మాటలాడ నారంభించినచో, అతని భాష యేదైనను, యాస యేదైనను, అతడు ముగించువఱకు నిశ్శబ్దముగా వినుడు.

వివేకవర్ధని నాటకశాలలో నాడు వేంకటరామారావుగా రడిగినదంతయు నింతియే. అడిగిన నూఱేండ్ల పిమ్మటనైనను ఆ ఋణమును మనము తీర్చవలదా?